నీళ్ళ పక్క సైటు

అమెరికాలో, మిన్నెసోటాలో ఉన్న మా ఊళ్ళో ఎండాకాలం జనవరిలోనే మొదలవుతుంది. బయట మంచు కిటికీ అంచుదాకా పేరుకుని, పోస్టు డబ్బా ఎక్కడుందో పారతో తవ్వి వెతుక్కునే రోజుల్లో, ఇంటింటా భోజనాల బల్ల మీద మ్యాపులు పరుచుకుని కూర్చుంటారు. జులైలో ఉత్తరాన ఏ సరస్సు దగ్గర, ఏ క్యాంపులో దిగాలో అప్పుడే తేల్చుకోవాలి. ఆలస్యం చేస్తే బండి నిలుపుకునే మంచి సైట్లన్నీ ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారు. మా ఇంట్లో మాత్రం ఎంత తొందరగా మొదలుపెట్టినా మంచి సైటు దొరికేది కాదు. దానికి కారణం మా ఆయన వెండెల్.

మాకో ట్రైలర్ ఉంది. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. కొన్న రోజున అమ్మేవాడు మా ఆయనకి ఇరుసులూ చక్రాలూ చూపిస్తుంటే, నేను మెట్లెక్కి లోపలికి వెళ్ళాను. వెనక గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే కిటికీ, దానికెదురుగా ఇద్దరు పట్టే సోఫా. పొద్దున్నే ఆ సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కాఫీ తాగుతూ నీళ్ళకేసి చూడాలనిపించింది. బడి వంటశాలలో జీవితమంతా పిల్లల పళ్ళేల్లో బంగాళాదుంపలు వడ్డించిన మనిషిని, నాకు అంతకు మించి పెద్ద కోరికలు లేవు. ఇదే కావాలన్నాను.

ఆ కిటికీ మొన్న జనవరిదాకా నాకు ఏమేం చూపించిందో చెబుతాను. మొదటి ఏడాది, ట్రైలర్ల మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు. పొద్దున్నే చేతులకి రబ్బరు తొడుగులు వేసుకున్న మగవాళ్ళు గొట్టాలు పట్టుకుని వరసలో నిలబడి, నన్ను చూసి మర్యాదగా చెయ్యి ఊపేవాళ్ళు. మరుసటేడు బట్టలుతికే గది వెనక గోడ. ఆ పైయేడు పెట్రోలు బంకు. ఒకసారైతే మొక్కజొన్న చేను. మొక్కజొన్న చేను మా పెరటి వెనకే ఉంది, దానికోసం అంత దూరం లాక్కెళ్ళనక్కర్లేదు. సరస్సు మాత్రం ఎప్పుడూ రోడ్డవతల, ఎవరివో ట్రైలర్ల సందులోంచి కొంచెం కొంచెం మెరిసేది.

సంగతేమిటంటే, నీళ్ళ పక్క సైట్లలో ట్రైలర్‌ని రివర్స్‌లో పెట్టాలి. ముందుకు పోనిస్తే వెనక కిటికీ రోడ్డుకేసి ఉంటుంది, బయటికి రావాలంటే సరస్సులోంచి రావాలి. వెండెల్ ఎంచుకునేవన్నీ ఇటు దూరి అటు తేలే సైట్లు. అవి ఏ క్యాంపులోనైనా మధ్యలో, చెత్త డబ్బాల పక్కనే ఉంటాయి. మా ఆయన మా ఊరి స్కూలు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. స్కూలు బస్సుని వెనక్కి నడపకూడదని వాళ్ళకి గట్టి నియమం, వెనక ఏ పిల్లాడు నిలబడ్డాడో కనపడదు కాబట్టి. అందుకని ఆయన తన రూటుని ఎక్కడా వెనక్కి తిప్పే పని లేకుండా, రైతుల వాకిళ్ళలోంచి గుండ్రంగా చుట్టి వచ్చేలా కట్టుకున్నాడు. ఒక్క ప్రమాదం కూడా చెయ్యలేదని పదవీవిరమణ రోజు చెక్క ఫలకం ఇచ్చారు. అది మా ముందుగదిలో గోడకి ఉంటుంది, వారం వారం ఆయనే దుమ్ము తుడుస్తాడు. ఊళ్ళో ఆయనంత మంచి డ్రైవరు లేడు. రివర్స్ చేయడం మాత్రం రాదు. ఆ మాట ఆయన నాతో ఎన్నడూ అనలేదు, నేనూ అడగలేదు.

అడక్కపోవడం మా వైపు మర్యాద. మిన్నెసోటాలో ఎవరూ తమకి కావలసింది తిన్నగా అడగరు, ఇస్తామంటే తిన్నగా పుచ్చుకోరు. కాఫీ తాగుతావా అంటే, "వద్దులే, నీకెందుకు శ్రమ" అనాలి. మళ్ళీ అడిగితే, "అబ్బే, పర్లేదు" అనాలి. మూడోసారి అడిగినప్పుడు, "సరే, సగం కప్పు" అని నిండు కప్పు తాగాలి. మూడోసారి అడగనివాడు పెంపకం సరిగా లేనివాడు. మొదటిసారే పుచ్చుకున్నవాడికి అసలు పెంపకమే లేదు. చర్చి విందులో కేకు పళ్ళెంలో మిగిలిన ఆఖరి ముక్కని ఎవరూ తియ్యరు. ఒకరు వచ్చి అందులో సగం కోసుకుపోతారు, ఇంకొకరు ఆ సగంలో సగం. చివరికి చీమకి సరిపోయేంత మిగిలితే, దాన్ని కేకు చేసి తెచ్చినావిడ ఇంటికి తీసుకుపోతుంది. నేనూ అలాగే పెరిగాను. అందులో తప్పేముందో నాకెప్పుడూ తోచలేదు.

ఆ జనవరిలో మ్యాపు మీద వేలు పెట్టి, "బిగ్ హెరాన్ సరస్సు దగ్గర టిల్లీ క్యాంపు ఉందిగా. సైట్లు నీళ్ళని ఆనుకునే ఉంటాయట," అన్నాను.

వెండెల్ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "అక్కడ లూన్ పక్షులు రాత్రంతా ఏడుస్తాయి. నిద్రుండదు."

"నీకు చెవుడు కదా."

"ఒక చెవికే."

"రెండో చెవి దిండులో పెట్టుకుని పడుకో."

"అదొక్కటే కాదు, తేమ. నీళ్ళ పక్కన పెడితే ఇరుసుల్లో గ్రీజు పాడైపోద్ది. జనానికి తెలీదు గానీ. గాలి ఒకటి. ఉత్తరపు గాలి నేరుగా వచ్చి తగుల్తుంది."

"జులైలోనా?"

"జులైలోనే తగుల్తుంది, ఆర్డిస్. మిగతా నెలల్లో తగలడానికి మనం అక్కడ ఉండం కదా."

నేను కప్పులు కడగడానికి లేచాను. వెండెల్ మ్యాపు మడుస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "ఎలాగూ ఈ ఏడాదే ఆఖరు. నా తుంటికి ఈ ఎక్కడం దిగడం ఇంక పడదు. వచ్చే చలికాలం లోపు ట్రైలర్ అమ్మేద్దాం."

ఆ కిటికీ ఒక్కసారైనా నీళ్ళ మొహం చూడకుండానే ఇంకొకరి పాలవుతుందన్నమాట. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నీ ఇష్టం," అన్నాను.

మా వైపు పెళ్ళాం నోట ఈ మాట వస్తే ఏమిటర్థమో పెళ్ళైన మగవాళ్ళందరికీ తెలుసు. వెండెల్‌కీ తెలుసు. మడిచిన మ్యాపుని మళ్ళీ విప్పి, తల దించుకుని చూడసాగాడు.

మర్నాడు ఆయన గడ్డకట్టిన సరస్సు మీద కన్నం తవ్వుకుని చేపలు పట్టడానికి వెళ్ళగానే, నేను టిల్లీ క్యాంపుకి ఫోను చేశాను. టిల్లీ మనవరాలు తీసింది. నీళ్ళ పక్కన ఒకే ఒక్క సైటు మిగిలిందనీ, పక్కన పైన్ చెట్టు ఉంది కాబట్టి జాగ్రత్తగా రివర్స్ చెయ్యాలనీ, మీవారికి అలవాటేనా అనీ అడిగింది.

"ముప్పై ఏళ్ళు డ్రైవరుగా చేశారమ్మా," అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

సాయంత్రం వెండెల్ రెండు చేపలతో వచ్చాడు. అవి శుభ్రం చేస్తుండగా సంగతి చెప్పాను. రెండు చేపలకి అంతసేపు పొలుసు తీసిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

"నచ్చకపోతే అక్కడికెళ్ళాక మార్చుకోవచ్చులే," అన్నాడు చివరికి.

"మార్చుకోం," అన్నాను.

జులై వచ్చింది. మేము టిల్లీ క్యాంపుకి చేరేసరికి సాయంత్రమైంది. అంతకంటే చెడ్డ సమయం లేదు. సరస్సు ఒడ్డున దిగిన జనమంతా సాయంత్రమయ్యేసరికి సరస్సుకి వీపు తిప్పి, రోడ్డుకేసి కుర్చీలు వేసుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ట్రైలర్ రివర్స్ చేయడం చూడాలి కదా. మొగుడు స్టీరింగు తిప్పుతుంటే పెళ్ళాం వెనక నిలబడి చేతులు ఊపడం, కాసేపటికి ఇద్దరూ ఒకరి అమ్మానాన్నల్ని ఒకరు తలుచుకోవడం, అదంతా ఉచితంగా దొరికే వినోదం. మేమూ చెత్త డబ్బాల పక్క కూర్చుని పాప్‌కార్న్ తింటూ ఎన్నోసార్లు చూశాం. ఆ రోజు చూపించే వంతు మాది.

ట్రైలర్‌తో వచ్చిన చిక్కేమిటంటే స్టీరింగు ఇటు తిప్పితే అది అటు పోతుంది. మొదటిసారి అది పైన్ చెట్టు మీదికి పోయింది. రెండోసారి పక్క సైటువాళ్ళ భోజనబల్ల మీదికి పోబోతే, ఆ ఇంటావిడ సలాడ్ గిన్నె ఎత్తుకుని పక్కకి తప్పుకుంది. ఆ తర్వాత మొత్తం రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది.

"ఎడమకి," అన్నాను.

"ఎవరి ఎడమ?"

"నీ ఎడమే."

"నేను అద్దంలో చూస్తున్నానే తల్లీ, అద్దంలో ఎడమెక్కడుంటుందో చెప్పు."

అప్పుడు అవతలి పక్క సైటులోంచి ఒకాయన లేచి వచ్చాడు. పెద్ద టోపీ, అంతకంటే పెద్ద పొట్ట. వాళ్ళ ఎండలు భరించలేక టెక్సాస్ నుంచి పైకి వచ్చిన మనిషి. పేరు రాయ్స్ అని తర్వాత తెలిసింది.

"ఏమన్నా, నేను పెట్టేదా?" అన్నాడు.

"అబ్బే, వద్దండీ. అయిపోవచ్చింది," అన్నాడు వెండెల్.

రాయ్స్ పక్కకి జరిగి నిలబడ్డాడు. వెండెల్ ఇంకోసారి పైన్ చెట్టు దాకా వెళ్ళి వచ్చాడు.

"నిజంగా చెప్తాండా, రెండు నిమిషాల పనన్నా. ఇట్లియ్యి."

"మీకెందుకండీ శ్రమ. పర్లేదు."

నా ప్రాణం కుదుటపడింది. రెండూ అయ్యాయి, ఇంక మూడోదే తరువాయి. వెండెల్ ఇంజను ఆపేశాడు, తలుపు తీశాడు, ఒక కాలు కింద పెట్టాడు. మొహాన చిన్న నవ్వు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"సరేన్నా, నీ ఇష్టం," అని రాయ్స్ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. బీరు డబ్బా మూత తీసిన చప్పుడు నాకు వినపడింది.

వెండెల్ ఒక కాలు నేల మీద, ఒక కాలు బండిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. వరసగా కుర్చీల్లో కూర్చున్న మావాళ్ళందరికీ ఏం జరిగిందో అర్థమైంది. సలాడ్ గిన్నె ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకరు రెండుసార్లు అడిగి ఉండగా మధ్యలో ఇంకొకరు వెళ్ళి అడగడం మా వైపు బాగుండదు, కాబట్టి ఎవరూ కదలలేదు. అందరూ జాలిగా రాయ్స్ వైపు చూశారు. అతను మా అందరికీ బీరు డబ్బా ఎత్తి చూపించి చల్లగా తాగాడు.

కొంతసేపటికి వెండెల్ బండి దిగి నా దగ్గరికి వచ్చాడు. మెడ ఎర్రగా కందిపోయింది.

"ఆర్డిస్," అన్నాడు, నేలకేసి చూస్తూ. "నాకు రివర్స్ రాదు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మురుగు ట్యాంకుల దగ్గర దిగినప్పట్నుంచి."

"మరి ఒక్కసారీ అనలేదేం?"

"నువ్వు గ్రీజు గురించి అంత బాగా చెప్తుంటే, మధ్యలో ఎందుకులే అని."

ఊరందరి పిల్లల్నీ ఒక్క గీత పడకుండా ఇళ్ళకి చేర్చిన మనిషి, ఇంతమంది ముందు చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. అప్పటిదాకా ఉన్న కోపం ఎటుపోయిందో, నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"వెళ్ళి అతన్నే అడుగు," అన్నాను.

"ఇంకోసారి అడుగుతాడేమోనని చూస్తున్నా."

"అడగడు, వెండెల్. అతనిది టెక్సాస్."

వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషిని ఒక సాయం తిన్నగా అడగడం ఆయనకి అదే మొదలు.

రాయ్స్ ఆశ్చర్యపోయాడు. "రెండుసార్లు వద్దంటివి కదన్నా. వద్దన్నోని చేతిలో స్టీరింగు ఎట్ల పెరుక్కునేది?"

"మా వైపు మూడోసారి కూడా అడుగుతారండీ."

"మా పక్క మూడోసారి అడిగితే తంతారన్నా," అన్నాడు రాయ్స్.

అయినా అతను స్టీరింగు పట్టుకోలేదు. వెండెల్‌నే కూర్చోబెట్టి తను పక్క సీట్లో కూర్చున్నాడు. "చెయ్యి స్టీరింగు కింద పక్క పెట్టన్నా. ఎనక బండి ఎటు పోవాల్నో నీ చెయ్యి అటు జరుపు. అంతే, ఇంకేం లేదు." వెండెల్ చెయ్యి కింద పెట్టాడు. ట్రైలర్ ఒకసారి తటపటాయించి, చెట్టుకీ బల్లకీ మధ్యగా వెనక్కి వచ్చి, నీళ్ళ అంచున ఆగింది. కుర్చీల్లోని జనం మర్యాదకి తగినంత చప్పట్లు కొట్టి, తర్వాతి బండి కోసం మళ్ళీ రోడ్డుకేసి చూశారు.

పొద్దున్న నేను తెర తీసేసరికి కిటికీ నిండా సరస్సే. నీళ్ళ మీద తెల్లటి ఆవిరి నెమ్మదిగా లేస్తోంది. రెండు లూన్ పక్షులు ఏ ఏడుపూ లేకుండా పక్కపక్కనే ఈదుకుంటూ పోయాయి. నేను కాళ్ళు ముడుచుకుని సోఫాలో కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది, తాగడం గుర్తే లేదు. అంత సంతోషం నాకు ఎన్నేళ్ళుగానో లేదు. ముక్కు తుడుచుకుంటుంటే వెండెల్ చూసి, ఏమైందన్నాడు. తేమ అన్నాను.

ఆ వారమంతా వెండెల్, రాయ్స్ ఒకరినొకరు వదల్లేదు. మా ఆయన రోజూ ట్రైలర్ బయటికి తీసి మళ్ళీ రివర్స్‌లో పెట్టేవాడు. నేను లోపల గుడ్లు వేయిస్తుంటే నా కిటికీలో సరస్సు వెళ్ళిపోయి, కాసేపటికి తిరిగి వచ్చేది. కొత్తగా ఎవరు వచ్చినా సాయానికి ముందు ఆయనే పరిగెత్తేవాడు. తుంటి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. సాయంత్రాలు రాయ్స్ పక్కన కూర్చుని అతని మాటలు విని వచ్చి నాకు అప్పజెప్పేవాడు.

"రాయ్స్ ఏమంటాడో తెలుసా? వద్దన్నవాడిని మళ్ళీ మళ్ళీ అడగడమంటే వాడి మాట నమ్మకపోవడమేనట. ఆలోచిస్తే నిజమే. మనం ఎంతమందిని అవమానించామో, ఆర్డిస్."

అతను రివర్స్ ఒక్కటే నేర్పి ఊరుకుని ఉంటే బాగుండేది.

ఆఖరి సాయంత్రం వెండెల్ నా పక్కన సోఫాలో కూర్చున్నాడు. సూర్యుడు అవతలి ఒడ్డు చెట్ల మీద ఉన్నాడు, నీళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఏమంటావ్? ఈ ట్రైలర్ ఉంచేసుకుందామా?" అన్నాడు.

"నీ తుంటి సంగతి చూసుకో ముందు. నాదేముంది, నీ ఇష్టం."

"నీకు ఈ కిటికీ అంటే ఇష్టం కదా. నిజంగా అమ్మేయమంటావా?"

"అబ్బే, పర్లేదులే. ఒకసారి చూశాగా."

ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆయన వైపు తిరిగాను. జవాబు నాలిక చివరే ఉంది. సరే, ఇంకొక్క ఏడాది చూద్దాం అంటాను. ఆ తర్వాత పదేళ్ళు వస్తాం.

వెండెల్ నా కళ్ళలోకి సూటిగా చూశాడు, గౌరవంగా తల ఊపాడు. "సరే అయితే, అమ్మేద్దాం," అని నా మోకాలు తట్టి, రాయ్స్‌కి కట్టెలు ఇచ్చి రావడానికి వెళ్ళిపోయాడు.

పెళ్ళాం మాట మొదటిసారి యథాతథంగా నమ్మిన మొగుణ్ణి ఏమని తిట్టను? చీకటి పడేదాకా అక్కడే కూర్చుని మొత్తం టెక్సాస్‌ని తిట్టుకున్నాను.

అక్టోబరులో ట్రైలర్ మా పెరట్లో బోర్డు తగిలించుకుని నిలబడింది. వెనక కిటికీకి ఎదురుగా మొక్కజొన్న చేనే. పక్క ఊరి నుంచి కొత్తగా పెళ్ళైన జంట చూడ్డానికి వచ్చారు. కుర్రాడికి వెండెల్ ఇరుసులూ చక్రాలూ చూపిస్తున్నాడు. ఆ పిల్ల, బ్రిటా, మెట్లెక్కి లోపలికి వచ్చింది. వెనక గోడ లేకపోవడం చూసి ఆగిపోయింది. సోఫాలో కూర్చుని కాళ్ళు ముడుచుకుంది. నేను చూడలేక పొయ్యి తుడవడం మొదలుపెట్టాను.

"బాగానే ఉందండీ," అంది. మా వైపు పిల్లే, అంతకంటే అనదు. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. "ఇలాంటిది అమ్ముకోవడం మీకు కష్టంగా లేదా?"

"అబ్బే, ఏం లేదమ్మా."

"నిజంగానా? మళ్ళీ తర్వాత బాధపడతారేమో."

"పర్లేదులే. మీరు కుర్రవాళ్ళు, మీరు తిరగండి."

ఆమె లేచి గుమ్మం దాకా వెళ్ళింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది. అప్పటికి వెండెల్ పుల్లటి రుబార్బ్ కాడలతో చేసిన కేకు పళ్ళెం పట్టుకుని మెట్ల కింద నిలబడి ఉన్నాడు. బ్రిటా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. ఆ పిల్లని వాళ్ళమ్మ బాగా పెంచింది.

"మీరు కాదన్నా మేమేం అనుకోమండీ. చెప్పండి, మీకు నిజంగా దీన్ని అమ్మాలని ఉందా?"

"లేదు," అన్నాను.

వెండెల్ చేతిలో పళ్ళెం వంగి, కేకు ఒక పక్కకి జారింది.

"లేదా? మరి ఆ రోజు నేను అంతలా అడిగితే చెప్పలేదేం?"

"నువ్వు రెండుసార్లే అడిగావు," అన్నాను.